స్టూడెంట్ నంబర్ 7 ఎవరు?

మన దగ్గర ఏ మినీ ప్రాజెక్ట్ తీసుకున్నా, ఏ మేజర్ ప్రాజెక్ట్ తీసుకున్నా, ఫోల్డర్‌లో ఎక్కడో లోపల ఒక డేటా ఫైల్ ఉంటుంది. డేటాబేస్ ఖాళీగా ఉంటే ఏదీ పనిచెయ్యదు కాబట్టి ముందుగా నింపడానికి పెట్టుకున్న ఫైల్ అది. రివ్యూలో గైడ్ దాన్ని తెరవమనరు. వైవాలో ఎక్స్‌టర్నల్ దాని గురించి అడగరు. ఆర్కిటెక్చర్ డయాగ్రమ్‌లో దానికి డబ్బా కూడా గీయం. కానీ మన టెస్టులకి విలువ ఉందా లేదా అన్నది చాలావరకు ఆ ఫైలే తేలుస్తుంది.

అది తెరిస్తే సాధారణంగా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటి రకం: పేరు "టెస్ట్ వన్", ఊరు "ఏబీసీ", ఫోన్ నంబర్ పది తొమ్మిదులు. రెండో రకం: ఎవరో సీనియర్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఎక్సెల్ షీట్‌లోని అసలు విద్యార్థులు. అసలు పేర్లు, అసలు ఫోన్ నంబర్లు, కేటగిరీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఇచ్చిన తండ్రి వార్షిక ఆదాయం, అన్నీ. మొదటి రకంతో రాసిన టెస్టులు ఏ తప్పునూ పట్టుకోలేవు. రెండో రకంతో మనం ఎవరి ఇంటి సంగతో తీసుకెళ్ళి రోడ్డు మీద పెడతాం. రెండింటికీ మందు ఒకటేనని నా అభిప్రాయం. ప్రతి టెస్టూ తనకి కావలసిన మనుషుల్ని తానే పుట్టించుకోవాలి. ఆ మనుషులు పూర్తిగా కల్పితం అయి ఉండాలి, కానీ మన మధ్య తిరిగే మనుషుల్లాగే ఉండాలి.

ఒక్క ఫంక్షన్‌ని పరీక్షించడానికి ఇంత గొడవ అక్కర్లేదు. మార్కులు ఇచ్చి గ్రేడ్ ఎంతని అడిగితే సరిపోతుంది. వెబ్ సర్వీస్ ఇంటిగ్రేషన్ టెస్టింగ్‌లో సర్వర్ నిజంగా నడుస్తూ ఉండాలి, వెనకాల డేటాబేస్ ఉండాలి, మనం బయట నిలబడి హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపి వచ్చిన జవాబు చూడాలి. రిజల్ట్స్ సర్వీస్‌నే తీసుకుందాం. హాల్‌టికెట్ నంబర్ పంపితే ఆ విద్యార్థి సీజీపీఏ, మిగిలిన బ్యాక్‌లాగ్‌లు రావాలి. అవి రావాలంటే ఆ విద్యార్థి ముందే డేటాబేస్‌లో ఉండాలి. వాడి రెగ్యులేషన్ ఉండాలి, ఆ రెగ్యులేషన్‌లో సబ్జెక్టులు, వాటి క్రెడిట్లు, వచ్చిన మార్కులు ఉండాలి. ఒక్క ప్రశ్న అడగడానికి ఒక చిన్న కాలేజీనే కట్టాలన్నమాట. ఎవరు కడతారు, ఎప్పుడు కడతారు, పని అయ్యాక ఎవరు ఊడుస్తారు?

మనవాళ్ళు ఎక్కువగా చేసేదేమిటంటే, ఒక పెద్ద ఫైల్‌లో యాభై మందిని రాసిపెట్టి అన్ని టెస్టుల్నీ ఆ యాభై మంది మీదే నడిపిస్తారు. అప్పుడు టెస్టు ఇలా ఉంటుంది: స్టూడెంట్ నంబర్ 7 సీజీపీఏ అడుగు, 7.42 రావాలి. అంతే. ఎవరీ ఏడో నంబర్? 7.42 ఎందుకు రావాలి, 7.40 వస్తే తప్పేంటి? టెస్టు ఎంతసేపు చదివినా తెలియదు. వేరే ఫైల్ తెరిచి, ఏడో వరుస వెతికి, అక్కడి నుంచి మార్కుల టేబుల్‌కి వెళ్ళి, కాలిక్యులేటర్ తీస్తే తెలుస్తుంది. జెరార్డ్ మెస్జారోస్ 2007లో వచ్చిన "ఎక్స్‌యూనిట్ టెస్ట్ ప్యాటర్న్స్" పుస్తకంలో ఇలాంటి వాణ్ణి "మిస్టరీ గెస్ట్" అనే పేరుతో చర్చిస్తాడు. టెస్టు లోపల ఎక్కడా కనిపించకుండా, బయట కూర్చుని ఫలితాన్ని నిర్ణయించే అతిథి. మన భాషలో చెప్పాలంటే, పెళ్ళిభోజనంలో అందరికన్నా ముందు కూర్చున్నాడు కానీ మగపెళ్ళివాళ్ళ తరఫో ఆడపెళ్ళివాళ్ళ తరఫో ఎవరికీ తెలియని పెద్దమనిషి.

ఇక టీమ్‌లో నలుగురు ఉంటే కథ ముదురుతుంది. ఒకడికి బ్యాక్‌లాగ్ ఉన్న విద్యార్థి కావాలి. కొత్తగా రాయడం ఎందుకని ఏడో నంబర్‌కి ఒక సబ్జెక్ట్ ఫెయిల్ చేసేస్తాడు. ఇంకొకడి 7.42 టెస్టు విరిగిపోతుంది. వాడు కారణం వెతక్కుండా టెస్టులో అంకె మార్చేస్తాడు. మూడోవాడు "విద్యార్థుల జాబితాలో యాభై మంది రావాలి" అని రాసి ఉంటాడు, నాలుగోవాడు యాభై ఒకటో మనిషిని చేరుస్తాడు. అన్నీ కలిపి నడిపితే ఫెయిల్ అయ్యే టెస్టు ఒంటరిగా నడిపితే పాస్ అవుతుంది. ఒక ల్యాప్‌టాప్‌లో పచ్చగా, ఇంకో ల్యాప్‌టాప్‌లో ఎర్రగా కనిపిస్తుంది. తిలా పాపం తలా పిడికెడు కాబట్టి అడగడానికి మనిషి ఉండడు. కొన్నాళ్ళకి ఆ టెస్టుల మీద నమ్మకం పోతుంది, తర్వాత వాటిని కామెంట్‌లో పెట్టేస్తారు. టీమ్‌లో క్రమశిక్షణ లేకపోవడం వల్ల ఇలా జరిగిందంటారు చాలామంది. నేనైతే ఆ ఫైల్ నిర్మాణానిదే తప్పంటాను. అందరూ రాయగలిగి, ఎవరూ సొంతం కాని డేటా ఎంత మంచి టీమ్ చేతిలోనైనా అలాగే తయారవుతుంది.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక మాటంటారు: "ప్రతి టెస్టునీ ఒక ట్రాన్సాక్షన్‌లో పెట్టి, చివర్లో రోల్‌బ్యాక్ చేసేస్తే పోలా? డేటాబేస్ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది కదా." వినడానికి బాగుంది. సర్వర్‌కి బయట నుంచి హెచ్‌టీటీపీ ద్వారా మాట్లాడే టెస్టుల్లో మాత్రం ఇది పనిచెయ్యదు. ఎందుకంటే టెస్టు ఒక థ్రెడ్‌లో ఉంటుంది, సర్వర్ వేరే థ్రెడ్‌లోనో, వేరే ప్రాసెస్‌లోనో ఉంటుంది. రెండింటికీ డేటాబేస్ కనెక్షన్లు వేరు, ట్రాన్సాక్షన్లు వేరు. మీ టెస్టు తన ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తీసుకున్నా, సర్వర్ తన వైపు ఎప్పుడో కమిట్ చేసేసింది. అదే చేత్తో ఇంకో చిక్కు: మీ టెస్టు ఇంకా కమిట్ చెయ్యని విద్యార్థి సర్వర్‌కి మామూలుగా కనిపించడు, "అలాంటి హాల్‌టికెట్ నంబర్ లేదు" అంటుంది. స్ప్రింగ్ బూట్ వాడేవాళ్ళు డాక్యుమెంటేషన్ చూడండి, ర్యాండమ్ పోర్ట్‌లో అసలు సర్వర్ లేపి నడిపే టెస్టుల్లో సర్వర్ వైపు పని రోల్‌బ్యాక్ కాదని అందులో స్పష్టంగా రాసి ఉంది. మాక్ ఎంవీసీ లాంటి వాటితో, సర్వర్ లేపకుండా అదే థ్రెడ్‌లో పిలిస్తే రోల్‌బ్యాక్ పనిచేస్తుంది. అందుకే ఒక ప్రాజెక్ట్‌లో పనిచేసిన చిట్కా ఇంకో ప్రాజెక్ట్‌లో పనిచెయ్యక జుట్టు పీక్కుంటారు.

మరి ఊడ్చే పని ఎవరిది? టెస్టు చివర్లో డిలీట్ చెయ్యడం చాలామందికి అలవాటు. టెస్టు మధ్యలో క్రాష్ అయితే ఆ చివరి భాగం నడవకపోవచ్చు, చెత్త మిగిలిపోతుంది. దానికన్నా మొదట్లో ఊడ్చుకోవడం మేలు. వంట మొదలుపెట్టే ముందు గట్టు తుడుచుకున్నట్టు. ఇంకో లాభం కూడా ఉంది, ఫెయిల్ అయిన టెస్టు వదిలిన డేటా అలాగే ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళి చూసుకోవచ్చు. వీటన్నిటికన్నా నాకు నచ్చే పద్ధతి, అసలు ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా ప్రతి టెస్టూ ప్రతిసారీ కొత్త హాల్‌టికెట్ నంబర్‌తో కొత్త విద్యార్థిని పుట్టించడం. పాతవాళ్ళు డేటాబేస్‌లో పడి ఉన్నా ఫరవాలేదు, ఎవరూ వాళ్ళ జోలికి వెళ్ళరు. "జాబితాలో సరిగ్గా యాభై మంది ఉండాలి" అని అడగడం మానేసి "నేను చేర్చిన మనిషి జాబితాలో ఉన్నాడా" అని అడగడం నేర్చుకోవాలి, అంతే. ల్యాప్‌టాప్‌లో డాకర్ నడిచేవాళ్ళకి టెస్ట్‌కంటైనర్స్ అనే లైబ్రరీ ఉంది. టెస్టులు మొదలయ్యేటప్పుడు కొత్త డేటాబేస్ లేపి, అయిపోయాక తీసేస్తుంది. నాలుగు జీబీ ర్యామ్‌తో నెట్టుకొస్తున్నవాళ్ళకి ఈ సలహా ఇవ్వడం బాగుండదు, వాళ్ళకి కొత్త నంబర్ల పద్ధతే దిక్కు.

విద్యార్థిని పుట్టించడానికి రెండు దారులున్నాయి. దొడ్డిదారిన నేరుగా డేటాబేస్‌లోకి వరుస ఎక్కించడం ఒకటి. వీధి గుమ్మంలోంచి, అంటే ఆ సర్వీస్‌కి ఉన్న అడ్మిషన్ రిక్వెస్ట్ ద్వారానే చేర్పించడం రెండోది. మొదటిది త్వరగా అవుతుంది, అందుకే అందరూ అటే పోతారు. కానీ అలా చొరబడ్డ విద్యార్థి అసలు వ్యవస్థలో ఎప్పటికీ ఉండలేని మనిషి కావచ్చు. పాస్‌వర్డ్ హ్యాష్ కాకుండా ఉంటుంది, రెగ్యులేషన్ గడి ఖాళీగా ఉంటుంది, అడ్మిషన్ తేదీ పుట్టిన తేదీ కన్నా ముందు ఉంటుంది. సర్వీస్ ఇలాంటి వాణ్ణి ఎప్పుడూ లోపలికి రానివ్వదు. అలాంటప్పుడు వాడి మీద నడిపిన టెస్టు పాసైనా ఫెయిలైనా మనకి తెలిసేదేమిటి? పైగా రేపు టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మారిస్తే దొడ్డిదారి టెస్టులన్నీ ఒకేసారి విరుగుతాయి. వీధి గుమ్మం నుంచి వచ్చినవి విరగవు, ఎందుకంటే గుమ్మం మారలేదు.

అలాగని మడి కట్టుకుని కూర్చోలేం. గుమ్మమే లేని సంగతులుంటాయి. రెండేళ్ళ క్రితం డిటైన్ అయిన విద్యార్థి కావాలి, ఇవాళ అడ్మిషన్ చేయించి రెండేళ్ళు ఆగలేం కదా. గడువు తీరిపోయిన లాగిన్ టోకెన్ కావాలి. అక్కడ దొడ్డిదారి తప్పదు, లేదా సర్వర్ గడియారాన్నే మనం చెప్పిన టైం చూపించేలా ముందే రాసుకోవాలి. బ్రాంచ్‌ల జాబితా, సబ్జెక్టుల జాబితా లాంటివి ఎవరూ మార్చరు కాబట్టి అవి అందరికీ ఒక్కటే ఉన్నా నష్టం లేదు. ఒక టెస్టు వాటిని మార్చాల్సి వచ్చిన రోజు అవి కూడా సొంతానివి కావాలి. స్పీడ్ గురించి వచ్చే ఫిర్యాదు నిజమే, ఒక్కో విద్యార్థికి నాలుగైదు రిక్వెస్టులంటే టైం పడుతుంది. మన ప్రాజెక్టుల సైజుకి ఆ బాధ నిమిషం దాటదని నా లెక్క. క్యాంటీన్‌లో టీ చెప్పి వచ్చేలోపు అయిపోతుంది.

సరే, ప్రతి టెస్టులోనూ పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఇరవై సబ్జెక్టుల మార్కులు రాసుకుంటూ కూర్చోవాలా? అక్కర్లేదు. అన్నీ మామూలుగా ఉన్న ఒక విద్యార్థిని తయారుచేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకోవాలి. టెస్టులో మాత్రం ఈ కథకి ముఖ్యమైన తేడా ఒక్కటే చెప్పాలి. "ఒక విద్యార్థి, మ్యాథ్స్ వన్ ఫెయిల్" అంటే చాలు, మిగతాది ఆ ఫంక్షన్ చూసుకుంటుంది. దీన్ని టెస్ట్ డేటా బిల్డర్ అంటారు. స్టీవ్ ఫ్రీమన్, నాట్ ప్రైస్ కలిసి 2009లో తెచ్చిన టెస్టింగ్ పుస్తకంలో దీని వివరణ ఉంటుంది. మన క్లబ్బులో కథలు రాసేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కథలో నాయకుడి చెప్పుల సైజు రాయం, ఆ చెప్పు తెగి కథ మలుపు తిరిగితే తప్ప. టెస్టు చదివే జూనియర్‌కి కూడా అంతే, టెస్టులో ఏది రాసి ఉంటే అదే ముఖ్యమని అర్థమవ్వాలి. ఫాదర్ నేమ్, బ్లడ్ గ్రూప్ అన్నీ కుమ్మరిస్తే అందులో అసలు సంగతి ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇప్పుడు ఆ మామూలు విద్యార్థి ఎవరన్న ప్రశ్న. మన ప్రాజెక్టుల్లోని కల్పిత విద్యార్థులందరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు: రెగ్యులర్‌గా ఫస్ట్ ఇయర్‌లో చేరి, ఎనిమిది సెమిస్టర్లు వరసగా పాసై, ఇంగ్లీషులో రెండు ముక్కల పేరున్నవాళ్ళు. అలాంటివాళ్ళు క్లాసులో ఎంతమంది? జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల హాల్‌టికెట్ నంబర్‌నే చూడండి. పది అక్షరాలు. మొదట చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, తర్వాత రెగ్యులర్ అయితే 1ఏ, లేటరల్ ఎంట్రీ అయితే 5ఏ, తర్వాత బ్రాంచ్ (కంప్యూటర్ సైన్స్‌కి 05), చివర్లో రెండు స్థానాల వరస సంఖ్య. రెండు స్థానాల్లో 99 దాటితే ఏం చేస్తారు? ఏ0 వస్తుంది, తర్వాత ఏ1. ఆ చివరి రెండింటినీ అంకెలనుకుని ఇంటిజర్‌గా మార్చే ప్రోగ్రామ్ నూరో విద్యార్థి దగ్గర కూలిపోతుంది. యాభై మంది ఉన్న డేటా ఫైల్‌లో నూరోవాడు ఉండడు. అసలు కాలేజీలో బ్రాంచ్‌కి నాలుగు సెక్షన్లుంటే సగానికి పైగా వాళ్ళే.

లేటరల్ ఎంట్రీ సంగతి ఇంకా ముఖ్యం. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండ్ ఇయర్‌లో చేరతారు. వాళ్ళకి ఫస్ట్ ఇయర్ మార్కులు లేవు. సున్నా వచ్చాయని దీనర్థం కాదు, ఆ గడే లేదు. నంబర్ మొదట్లో ఉండే సంవత్సరం కూడా పక్క బెంచీ వాడి కన్నా ఒకటి ఎక్కువ. ఆ మొదటి రెండంకెల్ని బట్టి బ్యాచ్ కట్టే ప్రోగ్రామ్ వీళ్ళని జూనియర్లలో కలిపేస్తుంది. ఎనిమిది సెమిస్టర్లూ ఉంటాయని నమ్మి సీజీపీఏ లెక్కకట్టే ప్రోగ్రామ్ వీళ్ళకి తక్కువ చూపిస్తుంది, లేకపోతే పడిపోతుంది. ప్లేస్‌మెంట్ రిజిస్ట్రేషన్‌కి కటాఫ్ పెట్టి, ఆ అంకెనే చూసి లింక్ తెరిచే సర్వీస్ అయితే ఒక డిప్లొమా విద్యార్థి ఇంటర్వ్యూకి కూర్చోలేకపోవచ్చు. ఇది ఊహకందని వింత కేసేమీ కాదు, ప్రతి క్లాసులోనూ వెనక బెంచీల్లో వీళ్ళు ఉంటారు. టెస్టు డేటాలో మాత్రం ఒక్కడూ ఉండడు. డిటైన్ అయి జూనియర్లతో కలిసినవాళ్ళు కూడా అంతే. చేరింది ఒక రెగ్యులేషన్‌లో, చదువుతున్నది ఇంకో రెగ్యులేషన్ క్లాసులో. సబ్జెక్టుల జాబితాలు రెండూ కలవవు. రోజూ పక్కన కూర్చునేవాళ్ళనే మర్చిపోయి, ఎక్కడో పుస్తకంలో ఉన్న బౌండరీ వాల్యూ అనాలిసిస్ గురించి పది మార్కులకి రాస్తాం.

పేర్ల దగ్గరికి వద్దాం, ఇది మన క్లబ్బుకి ఇష్టమైన చోటు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి అనే ఫారం ఎవరి ఊరిదో. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందొస్తుంది. కొందరికి అది ఒక్క ఇనీషియల్‌గా మిగిలి ఉంటుంది. ఇంటిపేరు కాకుండా వెంకట, నాగ, సాయి, సత్య అని నాలుగు ముక్కలున్నవాళ్ళు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. అదే పేరు తెలుగులో రాస్తే ఇంకో లోకం. "లక్ష్మి" అన్నది మనకి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి ఇరవై ఒక్క బైట్లు. ఇరవై బైట్ల గడిలో లక్ష్మి పట్టదు! గడి సైజుని ఒరాకిల్ మామూలుగా బైట్లలో లెక్కేస్తుంది, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ క్యారెక్టర్లలో లెక్కేస్తాయి. ఒకదాని మీద టెస్ట్ చేసి ఇంకోదాని మీద నడిపితే తేడా అక్కడ బయటపడుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0కి ముందు వెర్షన్లలో డీఫాల్ట్ లాటిన్-1, అందులోకి తెలుగు పంపితే ప్రశ్నార్థకాల వరస మిగలడమో, ఎర్రర్ రావడమో జరుగుతుంది. "రాజ్‌కుమార్" అని టైప్ చేసేటప్పుడు మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం పడుతుంది, అది లేకుండా టైప్ చేస్తే జ్ కింద క ఒత్తు వస్తుంది. ఒకడు అది ఉంచి సేవ్ చేసి, ఇంకొకడు అది లేకుండా వెతికితే సర్వర్ "దొరకలేదు" అంటుంది. ఎస్ఎంఎస్ కూడా అంతే, మామూలు ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 యూనికోడ్ సంకేతాలే పడతాయి. రిజల్ట్ మెసేజ్ తెలుగులో పంపుదామని మన క్లబ్బువాళ్ళు ముచ్చటపడితే ఒక మెసేజ్ మూడు ముక్కలై బిల్లు మూడింతలవుతుంది. "టెస్ట్ వన్" అనే మహానుభావుడు వీటిలో ఒక్కటి కూడా మనకి చెప్పడు.

ఇంత విన్నాక వచ్చే వాదన నాకు తెలుసు: "అందుకేగా అసలు ఎక్సెల్ షీట్ వాడేది. నూరోవాడూ ఉంటాడు, లేటరలూ ఉంటాడు, నాలుగు ముక్కల పేరూ ఉంటుంది. అసలు డేటా తెచ్చే బగ్గులు కల్పిత డేటా తేలేదు." ఈ వాదనలో నిజం ఉంది, అందుకే ఇది ప్రమాదకరం. అసలు డేటాలో మనం ఊహించని ఆకారాలుంటాయి, ఒప్పుకుంటాను. కానీ మనకి కావలసింది ఆ ఆకారాలు. ఏ0తో ముగిసే నంబర్ ఒకటి ఉంటుందని తెలిస్తే చాలు, అది ఏ అమ్మాయిదో, ఆమె ఫోన్ నంబరేమిటో, వాళ్ళ నాన్న ఆదాయం ఎంతో టెస్టుకి అవసరం లేదు. ఆ షీట్ చూసే హక్కున్న ఆఫీసు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని "ఎలాంటి వింత కేసులొస్తాయి సార్" అని అడిగితే పది నిమిషాల్లో ఇరవై చెప్తారు. ఏళ్ళ తరబడి ఆ కేసులతో వేగినవాళ్ళు వాళ్ళే కదా.

పేర్లు తీసేసి వాడతామంటారు కొందరు. హాల్‌టికెట్ నంబర్ ఉంచితే పేరు తీసి ఏం లాభం, ఆ నంబర్‌తో మనిషిని పట్టుకోవడం క్లాసులో ఎవడికైనా నిమిషం పని. నంబర్ కూడా తీసేసి బ్రాంచ్, జెండర్, కేటగిరీ, ఊరు ఉంచితే? మెకానికల్‌లో ఉన్న ఇద్దరమ్మాయిల్లో ఎవరి ఫీజు బకాయి ఉందో చెప్పడానికి అవి చాలు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, వ్యక్తి ఏ పనికి ఒప్పుకుని వివరాలిచ్చారో ఆ పనికే వాడాలన్నది మూలసూత్రం. డేటాకి తగిన భద్రత కల్పించని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. మీ మినీ ప్రాజెక్ట్ మీద 250 కోట్లు వేస్తారని భయపెట్టడం లేదు. అడ్మిషన్ అప్పుడు ఫారం నింపిన విద్యార్థి "నా కులం, నా ఇంటి ఆదాయం సీనియర్ల ప్రాజెక్ట్‌లో టెస్ట్ డేటాగా వాడుకోండి" అని సంతకం పెట్టలేదని గుర్తుచేస్తున్నాను.

అసలు మనుషులు టెస్టులో ఉంటే టెస్టు వాళ్ళని తాకుతుంది కూడా. 2021 జూన్ 17న హెచ్‌బీవో మ్యాక్స్ చందాదారుల్లో చాలామందికి "ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ నంబర్ 1" అనే సబ్జెక్ట్‌తో మెయిల్ వెళ్ళింది. టెస్టుల కోసం మాత్రమే అనే ఒక వాక్యం తప్ప అందులో ఏమీ లేదు. ఇంటర్న్ చేతిలో జరిగిందని కంపెనీయే ట్విట్టర్‌లో చెప్పింది, ప్రపంచం నలుమూలల నుంచి ఇంజినీర్లు ఆ ఇంటర్న్‌కి ధైర్యం చెప్తూ తమ తమ ఘనకార్యాలు చెప్పుకున్నారు. అది నవ్వుకునే సంగతి, ఎందుకంటే మెయిల్ ఖాళీది. మన రిజల్ట్స్ సర్వీస్ అర్ధరాత్రి టెస్టులో "మీ అబ్బాయి నాలుగు సబ్జెక్టులు ఫెయిల్" అని ఒక తండ్రికి నిజంగా ఎస్ఎంఎస్ పంపితే ఎవరూ నవ్వరు. ఈమెయిల్‌కి ఎగ్జాంపుల్ డాట్ కామ్ ఉంది, ఇలాంటి అవసరాల కోసమే 1999 నుంచీ ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టిన పేరు అది. ఫోన్ నంబర్‌కి ఆ ధైర్యం లేదు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలుపెట్టి పది అంకెలు ఏవి కొట్టినా అది ఎవరిదో అయ్యే అవకాశం ఉంది, పది తొమ్మిదులు కూడా. అందుకే టెస్టుల్లో అసలు ఎస్ఎంఎస్ గేట్‌వే జోలికే పోకూడదు. దాని స్థానంలో వైర్‌మాక్ లాంటి ఉత్తుత్తి సర్వర్ పెట్టి, "మెసేజ్ పంపమని అడిగారా, ఏ మాటలతో అడిగారు" అన్నది మాత్రం చూసుకోవాలి. ఆ అసలు గేట్‌వే కీ టెస్టు కాన్ఫిగరేషన్‌లో ఉండనే ఉండకూడదు. కీ లేకపోతే పొరపాటున పంపడం కూడా కుదరదు.

ఇప్పటికే గిట్‌హబ్‌లో ప్రాజెక్ట్ పెట్టేసినవాళ్ళు ఇవాళే ఒకసారి ఆ డేటా ఫైల్ తెరిచి చూడండి. అందులో అసలు మనుషులుంటే, ఫైల్ డిలీట్ చేసి కొత్త కమిట్ పెడితే పని అయిపోదు. పాత కమిట్‌లలో అది అలాగే ఉంటుంది, హిస్టరీ నొక్కితే ఎవరికైనా కనిపిస్తుంది. ముందు రిపోజిటరీని ప్రైవేట్ చెయ్యండి. తర్వాత గిట్ ఫిల్టర్-రెపో అనే టూల్‌తో హిస్టరీ మొత్తంలోంచి ఆ ఫైల్ తీసేసి, ఫోర్స్ పుష్ చెయ్యండి. టీమ్‌లో మిగతా ముగ్గురూ పాత కాపీలు చెరిపి మళ్ళీ క్లోన్ చేసుకోవాలి, లేకపోతే ఎవరో ఒకరి పుష్‌తో అది తిరిగొస్తుంది. ఎవరైనా ఫోర్క్ చేసి ఉంటే వాళ్ళ దగ్గర అది మిగిలే ఉంటుంది, వాళ్ళని అడిగి తీయించాలి, ఒప్పుకోకపోతే గిట్‌హబ్ సపోర్ట్‌కి రాయాలి. ఈ పనంతా ఒక పూట పడుతుంది. ఆ షీట్‌లో పేర్లున్నవాళ్ళలో మీకు తెలిసినవాళ్ళుంటే సంగతి వాళ్ళకి చెప్పండి. ఫోన్ నంబర్ ఇన్నాళ్ళూ బయట ఉందని తెలుసుకునే హక్కు వాళ్ళకి ఉంది, వింత కాల్స్ ఎందుకొస్తున్నాయో కూడా అప్పుడు అర్థం కావచ్చు.